అమెరికా నుంచి తెచ్చిన ప్రోటీన్ స్కిమ్మర్: నురగ కప్పులోకి రావడం లేదు, సర్దుబాటుకు సలహా కావాలి

నీలితెర (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. నేను నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు పెట్టి ఏడు నెలలైంది. ట్యాంకు, దాని కింది సంపు (ట్యాంకు నీరు దిగి శుద్ధి అయ్యే తొట్టి) కలిపి సుమారు 300 లీటర్ల నీరు ఉంటుంది. అందులో రెండు క్లౌన్ చేపలు, మూడు డామ్సెల్ చేపలు, ఒక బ్లెన్నీ చేప, పాతిక కిలోల రాళ్లు ఉన్నాయి, పగడాలు లేవు. స్పెసిఫిక్ గ్రావిటీ (నీటి ఉప్పదనాన్ని తెలిపే సాంద్రత కొలత) 1.025, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు. చేపల మలినాల నుంచి చివరికి మిగిలే నైట్రేట్ మాత్రం 40 పీపీఎం (పది లక్షల వంతుల్లో 40) దగ్గర నిలిచిపోయింది.

డాలస్‌లో ఉండే మా అన్నయ్య మొన్న వచ్చేటప్పుడు ఒక మంచి ప్రోటీన్ స్కిమ్మర్ (గాలి బుడగలతో నీటిలోని మలినాన్ని నురగగా చేసి, సన్నని మెడ గుండా పైనున్న కప్పులోకి తీసే పరికరం) తెచ్చి ఇచ్చాడు. అది పెట్టి 25 రోజులైనా దాన్ని కుదురుగా నడిపించలేకపోతున్నాను. బయటికి వెళ్లే గొట్టం మీది వాల్వ్‌ను కొంచెం తెరిస్తే నురగ మెడ దాకా కూడా రాదు, కొంచెం మూస్తే రంగూ వాసనా లేని మామూలు నీరే పొంగి కప్పు నిండిపోతుంది. ఈ రెండింటికీ నడుమ నిలిచే స్థానం ఒకటి ఉండాలని రోజుకు నాలుగైదు సార్లు తిప్పి చూస్తున్నాను, కాని రాత్రి సరిగ్గా ఉన్నట్టు కనిపించినది తెల్లవారేసరికి మారిపోతోంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నానో దయచేసి చెప్పగలరు.

అలలసవ్వడి (కాకినాడ)

నీలితెర గారూ, నాకు అనుభవం తక్కువే అయినా ఒక మాట చెబుతాను. కొత్త స్కిమ్మర్ లోపల తయారీ నాటి జిడ్డు ఉంటుందని, అది పోయేవరకు నురగ నిలవదని నాకు అమ్మినవారు చెప్పారు. నాది పన్నెండో రోజున దారికి వచ్చింది. ఇంకొంత కాలం ఆగి చూడండి.

రసాయన_గుంటూరు (గుంటూరు)

అలలసవ్వడి గారు చెప్పినది నిజమే. ఆ జిడ్డు నురగను ఎందుకు చంపుతుందో తెలుసుకుంటే మిగతా సర్దుబాటంతా సులువవుతుంది కనుక కాస్త వివరంగా రాస్తాను.

కందిపప్పును కుక్కర్‌లో కాకుండా గిన్నెలో ఉడికించేటప్పుడు తెల్లని నురగ లేచి పొంగబోతుంది. ఆ సమయానికి అర చెంచా నూనె వేస్తే చప్పున అణిగిపోతుంది. పప్పు నుంచి నీటిలోకి దిగిన ప్రోటీన్లు, వాటితోపాటు సాపోనిన్లు అనే నురగ పుట్టించే పదార్థాలు బుడగ చుట్టూ పలుచని చర్మంలా పేరుకుని అది పగలకుండా కాపాడతాయి. నూనె చుక్క ఆ చర్మంలోకి చొరబడి దాన్ని తెంపేస్తుంది. స్కిమ్మర్‌లో జరిగేదీ ఇదే. చేపల విసర్జన, మిగిలిన మేత, నాచు విడిచే పదార్థాలలో చాలావాటికి ఒక కొస నీటిని కోరుకుంటుంది, మరొక కొస నీటికి దూరంగా జరగాలని చూస్తుంది. అటువంటి అణువుకు గాలి బుడగ ఉపరితలమే తగిన చోటు. అందుకే అవి బుడగలను పట్టుకుని పైకి వస్తాయి, మెడలో నీరు కిందికి జారిపోగా చిక్కబడిన నురగ కప్పులోకి తోసుకుపోతుంది.

కాబట్టి స్కిమ్మర్‌కు ప్రాణం బుడగ ఉపరితలం. ఒక లీటరు గాలిని ఒక మిల్లీమీటరు వ్యాసం గల బుడగలుగా చేస్తే వాటన్నిటి ఉపరితలం 6 చదరపు మీటర్లు అవుతుంది. అదే గాలిని అర మిల్లీమీటరు బుడగలుగా నలగ్గొడితే 12 చదరపు మీటర్లు వస్తుంది. పంపులో ముళ్లచక్రం వంటి ఇంపెల్లర్ (నీటిని తిప్పే చక్రం) పెట్టేది ఇందుకే. ఉప్పునీటిలో బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా ఉంటాయి, మంచినీటిలో త్వరగా కలిసి పెద్దవవుతాయి. మంచినీటి ట్యాంకులో ఇదే స్కిమ్మర్ సరిగా పనిచేయకపోవడానికి ముఖ్య కారణం అదే.

కొత్త జిడ్డు వదలడానికి సాధారణంగా కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. మీది 25 రోజులు దాటింది కనుక కారణాన్ని మరోచోట వెతకాలని నా అభిప్రాయం. ఈలోగా నూనె ఎక్కువగా ఉన్న మేత వేసినా, చేతికి రాసుకున్న క్రీముతో నీటిలో చెయ్యి పెట్టినా కొన్ని గంటలపాటు నురగ పడిపోతుందని గుర్తుంచుకోండి. అలా పడిపోయినప్పుడు వాల్వ్‌ను ముట్టుకోకండి, దానంతట అదే లేస్తుంది.

భీమిలితీరం (భీమునిపట్నం)

నేను రొయ్య పిల్లల హేచరీలో పనిచేస్తాను, ఇంట్లో ఆరేళ్లుగా ఉప్పునీటి ట్యాంకు ఉంది. గాలి ఎటు వీస్తే అటు మూలన చెరువు మీద గోధుమరంగు తెట్టు పేరుకోవడం చూసినవారికి స్కిమ్మర్ కొత్త వింతగా అనిపించదు. ఆ తెట్టును గొట్టంలో పట్టి బయటికి తీయడమే దాని పని.

నీలితెర గారూ, రాత్రి ఒకలా, తెల్లవారి ఒకలా ఉందన్నారు చూడండి, నాకు ముందుగా అనుమానం వచ్చింది అక్కడే. మనం వాల్వ్‌తో నిర్ణయించేది స్కిమ్మర్ లోపలి నీటి మట్టాన్ని మాత్రమే. బయట సంపులో మట్టం పెరిగితే లోపలా పెరుగుతుంది, తగ్గితే లోపలా తగ్గుతుంది. సంపు మట్టం కదులుతూ ఉంటే వాల్వ్‌ను ఎన్నిసార్లు తిప్పినా ప్రయోజనం ఉండదు. స్కిమ్మర్ సంపులో ఏ గదిలో ఉంది? అక్కడ నీటి లోతు ఎన్ని సెంటీమీటర్లు? దానితో వచ్చిన పుస్తకంలో ఎంత లోతు ఉండాలని రాశారు? స్కేలు పెట్టి కొలిచి చెప్పండి, కంటి అంచనా వద్దు.

లోతు కుదిరాక చేయాల్సిన పద్ధతి ఇది. గాలి గొట్టాన్ని పూర్తిగా తెరిచి ఉంచండి, గాలిని తగ్గించి సర్దుబాటు చేయాలని చూడకండి. వాల్వ్‌ను పూర్తిగా తెరిచి మొదలుపెట్టి, బుడగల నీరు ముగిసి నురగ మొదలయ్యే గీత, శరీరం మీద మెడ మొదలయ్యే చోటుకు వచ్చేవరకు కొద్దికొద్దిగా మూయండి. ఆ తర్వాత ఒక రోజంతా చెయ్యి పెట్టకండి. మరుసటి రోజు మార్చాలనిపిస్తే గోరంత మార్చి, మళ్లీ ఒక రోజు ఆగండి. రోజుకు నాలుగుసార్లు తిప్పితే ఏ మార్పు వల్ల ఏమి జరిగిందో ఎవరికీ తెలియదు.

నీలితెర (హైదరాబాద్)

భీమిలితీరం గారూ, కొలిచి చూశాక నాకే ఆశ్చర్యం కలిగింది. మొదటి గదిలో స్థలం చాలదనుకుని స్కిమ్మర్‌ను రిటర్న్ పంపు (నీటిని తిరిగి ట్యాంకులోకి పంపేది) ఉన్న చివరి గదిలో పెట్టాను. ఉదయం నీరు పోసిన వెంటనే అక్కడ లోతు 24 సెంటీమీటర్లు ఉంది, మరునాటి ఉదయానికి 21కి దిగింది. ఈ ఎండలకు రోజుకు నాలుగు లీటర్లు ఆవిరవుతున్నాయి, ఆ తగ్గుదలంతా చివరి గదిలోనే కనిపిస్తోంది. పుస్తకంలో 18 నుంచి 20 సెంటీమీటర్లు ఉండాలని రాశారు. అంటే నేను ఒక్క రోజు కూడా దాన్ని ఉండవలసిన లోతులో ఉంచలేదు.

ఈ రోజు ఫిల్టర్ సంచిని పక్కకు జరిపి స్కిమ్మర్‌ను మొదటి గదిలోకి మార్చాను. అక్కడ అడ్డుగాజు ఎత్తు 23 సెంటీమీటర్లు కనుక మట్టం కదలదు. యాక్రిలిక్ ముక్కలతో నాలుగు సెంటీమీటర్ల పీట చేసి దానిమీద నిలబెట్టాను, ఇప్పుడు లోతు సరిగ్గా 19. వారం తర్వాత వచ్చి రాస్తాను.

నీలితెర (హైదరాబాద్)

వారం గడిచింది. నీరు పొంగడం పూర్తిగా ఆగింది, ఉదయం, రాత్రి ఒకే తీరుగా ఉంది. కాని నురగ మాత్రం కప్పు అంచుకు ఐదు సెంటీమీటర్ల కిందే ఆగిపోతోంది. వారంలో కప్పు అడుగున చేరినది రెండు చెంచాల పచ్చని నీరు మాత్రమే. ఒక విషయం గమనించాను: ఇంటర్నెట్‌లో చూసిన స్కిమ్మర్ల లోపలి నీరు పాలలా తెల్లగా, అవతలి వస్తువు కనబడనంత చిక్కగా ఉంది, నా స్కిమ్మర్ లోపలి నీరు సోడా సీసాలో నీటిలా ఉంది, విడివిడిగా బుడగలు లెక్కపెట్టగలిగేలా కనిపిస్తున్నాయి.

మధ్యలో మరొకటి జరిగింది. గురువారం సాయంత్రం నలభై నిమిషాలు కరెంటు పోయింది. ట్యాంకులోని నీరు సంపులోకి దిగి మట్టం పెరిగింది, కరెంటు రాగానే స్కిమ్మర్ ఒక్కసారిగా పొంగి, కప్పులో ఉన్నదంతా తిరిగి నీటిలో కలిసిపోయింది. దీనికి ఏమైనా ఉపాయం ఉందా?

భీమిలితీరం (భీమునిపట్నం)

కరెంటు సంగతి ముందు చెబుతాను. రిటర్న్ పంపు సంపు మట్టాన్ని మామూలు స్థితికి తెచ్చేవరకు స్కిమ్మర్ మొదలు కాకూడదు. కరెంటు వచ్చిన పది నిమిషాల తర్వాత ఆన్ అయ్యే టైమర్ ప్లగ్గు పెట్టుకుంటే సరిపోతుంది. కప్పులో ఒక ఫ్లోట్ స్విచ్ కూడా అమర్చి, కప్పు నిండగానే స్కిమ్మర్ పంపు ఆగిపోయేలా చేస్తే ఇంకా మంచిది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే స్కిమ్మర్‌ను దానికి కలపకండి, ట్యాంకులో నీటిని కదిలించే పంపును కలపండి. కరెంటు లేని గంటల్లో చేపలకు ముందు కావలసినది ఆక్సిజన్.

సోడా నీటిలా ఉందన్న మాట గురించి నాకంటే పగడపుదిబ్బ గారు బాగా చెప్పగలరు.

పగడపుదిబ్బ (ఎడిసన్, న్యూజెర్సీ)

నీలితెర గారూ, మీ వర్ణనే సగం రోగనిర్ణయం చేసింది. లోతు సరిగా ఉంది, మట్టం స్థిరంగా ఉంది, జిడ్డు కాలం దాటింది, ఇక మిగిలినది గాలి. నీరు పాలలా మారలేదంటే పంపు చాలినంత గాలిని పీల్చడం లేదు, పీల్చినదాన్ని తగినంతగా నలగ్గొట్టడం లేదు.

దీన్ని ఖరీదైన మీటరు లేకుండానే కొలవవచ్చు. పలుచని పెద్ద ప్లాస్టిక్ కవరు ఒకటి తీసుకోండి. లీటరు సీసాతో ఐదు లీటర్ల నీరు పోసి, ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గుర్తు పెట్టి, ఆ గుర్తు దగ్గరే మూతి కట్టేలా చూసుకోండి. నీరు పారబోసి కవరును ఆరబెట్టండి, గాలితో నింపండి, స్కిమ్మర్ గాలి గొట్టం కొసను అందులో పెట్టి రబ్బరు బ్యాండుతో బిగించండి. కవరు ముడుచుకుని చదునుగా అయ్యేవరకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. మీ స్కిమ్మర్ పెట్టె మీద గంటకు ఎన్ని లీటర్ల గాలి అని రాశారో, పంపు మీది చిన్న అక్షరాల్లో ఏముందో కూడా రాయండి.

అంతకంటే ముందు గాలి లోపలికి వెళ్లే సన్నని రంధ్రాన్ని శుభ్రం చేయండి. అక్కడ ఉప్పు గడ్డకట్టడం చాలా మామూలు. పంపు నడుస్తుండగానే గాలి గొట్టం కొసను ఒక గ్లాసు గోరువెచ్చని మంచినీటిలో ముంచితే, ఆ నీటిని అదే పీల్చుకుని ఉప్పును కరిగిస్తుంది.

నీలితెర (హైదరాబాద్)

మేడమ్, మీరు చెప్పినట్టే చేశాను. శుభ్రం చేయకముందు ఐదు లీటర్ల కవరు ఖాళీ కావడానికి 48 సెకన్లు పట్టింది. రంధ్రంలో కల్లుప్పు పలుకులంత గడ్డలు రెండు ఉన్నాయి. అవి కరిగాక 44 సెకన్లు. గంటకు లెక్కిస్తే సుమారు 410 లీటర్లు. పెట్టె మీద 600 అని ఉంది. పంపు మీద «115 వోల్టులు, 60 హెర్ట్జ్» అని రాసి ఉంది. దాన్ని మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా పెట్టలేదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే నడుపుతున్నాను.

రసాయన_గుంటూరు (గుంటూరు)

కారణం దొరికింది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీని మాత్రం మార్చదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దేశంలో 50. స్కిమ్మర్లలో వాడే సాధారణ ఏసీ పంపులు సింక్రనస్ రకానివి, అంటే వాటి వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది. అక్కడ నిమిషానికి 3600 చుట్లు తిరిగే పంపు ఇక్కడ 3000 చుట్లే తిరుగుతుంది. వేగం ఆరో వంతు తగ్గితే పంపు బలం ఆరో వంతే తగ్గుతుందనుకోకూడదు. తిరిగే చక్రం పుట్టించే ఒత్తిడి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక అది ఇంచుమించు 69 శాతానికి పడిపోతుంది. గాలి పీల్పు అచ్చంగా అదే లెక్కను అనుసరించాలనే నియమం లేదు గాని, 600లో 69 శాతం 414. మీ కవరు చెప్పిన 410 దానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఇంకొక విషయం కూడా చెప్పాలి, ఇది భద్రతకు సంబంధించినది. 60 హెర్ట్జ్ కోసం చుట్టిన మోటారును అదే వోల్టేజీతో 50 హెర్ట్జ్ మీద నడిపితే అందులోని ఇనుప భాగంలో అయస్కాంత ప్రవాహం అయిదో వంతు పెరుగుతుంది, మోటారు ఎక్కువ కరెంటు తీసుకుని వేడెక్కుతుంది. నీటిలో మునిగి ఉండే పంపు విషయంలో ఇది మంచిది కాదు. దయచేసి దాన్ని ఇలాగే నెలల తరబడి నడపకండి.

పగడపుదిబ్బ (ఎడిసన్, న్యూజెర్సీ)

మాస్టారు చెప్పినదానికి నేను చేర్చేది ఒక్కటే. ఇటువంటి స్కిమ్మర్లకు చాలావరకు 50 హెర్ట్జ్ పంపు వేరుగా తయారుచేస్తారు, రెండింటికీ ఇంపెల్లర్ కొలతలు కూడా వేరుగా ఉంటాయి. శరీరం, మెడ, కప్పు అవే ఉంచుకుని పంపు ఒక్కటే మార్చితే సరిపోతుంది. లేదా అదే మోడల్‌కు డీసీ పంపు దొరికితే అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఇక్కడి నుంచి ఇండియాకు సామాను తీసుకెళ్లే మనవాళ్లు ఫోన్ ఛార్జర్ల విషయంలో ఇబ్బంది పడరు కనుక పంపులూ అంతేననుకుంటారు. మీ అన్నయ్య గారు ప్రేమతో తెచ్చినది వృథా కాలేదు, ఆ స్కిమ్మర్ శరీరం మంచిదే.

అలలసవ్వడి (కాకినాడ)

ఇదంతా చదువుతుంటే నా సందేహం ఒకటి గుర్తొచ్చింది. నేను సముద్రపు నీరే తెచ్చి వాడతాను. పోయిన అక్టోబరులో నీరు మార్చాక నా స్కిమ్మర్ బుడగలు కూడా పెద్దవై నురగ తగ్గింది. నా పంపు ఇక్కడ కొన్నదే. ఇది దేనివల్ల?

భీమిలితీరం (భీమునిపట్నం)

అలలసవ్వడి గారూ, మీకు గోదావరి దగ్గర. వర్షాకాలం చివరికి నదుల నీరు కలిసి మన తీరంలో పైనీటి సెలినిటీ (ఉప్పదనం) బాగా పడిపోతుంది. హేచరీలలో ఆ నెలల్లో మేము ప్రతి ట్యాంకర్‌నూ ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసిన తర్వాతే దింపుకుంటాం. మీరు తెచ్చిన నీరు 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) కంటే చాలా తక్కువగా ఉండి ఉంటుంది. ఉప్పు తగ్గితే బుడగలు కలిసిపోతాయని పైన మాస్టారు రాశారు కదా. స్కిమ్మర్ సంగతి తర్వాత, అంత మార్పు చేపలకే కష్టం. సాల్ట్ మిక్స్ కలిపి సరిచేశాకే ట్యాంకులో పోయండి.

నీలితెర (హైదరాబాద్)

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. 50 హెర్ట్జ్ పంపు రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటివరకు మాస్టారు గారి మాట ప్రకారం స్కిమ్మర్‌ను ఆపి, వారానికి రెండుసార్లు నీరు మార్చాను. కొత్త పంపును ఒక రాత్రి వెనిగర్ కలిపిన నీటిలో ఉంచి, కడిగి అమర్చాను. కవరు 31 సెకన్లలో చదునైంది.

మొదటి రెండు రోజులు నురగ లేవలేదు, నేనూ వాల్వ్‌ను ముట్టుకోలేదు. మూడో రోజు ఉదయం దీపం వేసి చూస్తే శరీరం లోపల నీరు పాలలాగే ఉంది, మెడలో నురగ మీగడలా మెల్లగా పైకి కదులుతోంది. అంచు దగ్గరికి వచ్చేసరికి బుడగలు పగిలి, ఒక్కొక్క గోధుమరంగు చుక్క కప్పు గోడ మీదుగా జారుతోంది. ఐదో రోజుకు కప్పులో రెండు వేళ్ల మందాన డికాషన్ రంగు ద్రవం చేరింది, మూత తీస్తే నీచు వాసన గుప్పుమంది. ఇప్పుడు అడుగుతున్నది ఒకటే: ఈ రంగు సరైనదేనా, ఇంకా పలుచగా తీయాలా?

పగడపుదిబ్బ (ఎడిసన్, న్యూజెర్సీ)

నేను ఎప్పుడూ పలుచని టీ రంగులో తీస్తాను. గట్టిగా, నల్లగా వచ్చేది చూడటానికి తృప్తిగా ఉంటుంది కాని, పలుచగా తీస్తే మొత్తం మీద ఎక్కువ మలినం బయటికి పోతుందని నా అనుభవం. మెడ కూడా త్వరగా మూసుకుపోదు.

భీమిలితీరం (భీమునిపట్నం)

మేడమ్ మీద గౌరవంతోనే వేరే మాట చెబుతున్నాను. పలుచగా తీస్తే ఉప్పునీరు కూడా వెళ్లిపోతుంది. రోజుకు అర లీటరు చొప్పున తీసి, ఆ స్థానంలో మంచినీరు పోస్తే రోజుకు సుమారు 17 గ్రాముల ఉప్పు పోయినట్టు. నెలకు అర కిలో. 300 లీటర్ల ట్యాంకులో ఉన్న ఉప్పు మొత్తం పదిన్నర కిలోలే కనుక నెలలో 35 పీపీటీ కాస్తా 33 చిల్లరకు దిగుతుంది. క్రమం తప్పకుండా కొలుచుకునేవారికి ఇబ్బంది లేదు, కొత్తవారికి డికాషన్ రంగే క్షేమం.

పగడపుదిబ్బ (ఎడిసన్, న్యూజెర్సీ)

ఆ లెక్క సరైనదే, ఒప్పుకుంటాను. నేను వారానికోసారి కొలిచి ఉప్పునీరే పోస్తాను, ఆ మాట ముందే రాయవలసింది. నీలితెర గారు ప్రస్తుతానికి ఉన్న రంగులోనే ఉంచడం మంచిది.

రసాయన_గుంటూరు (గుంటూరు)

నైట్రేట్ గురించి ఒక మాట. స్కిమ్మర్ నీటిలో అప్పటికే ఉన్న నైట్రేట్‌ను తీయదు. నైట్రేట్‌గా మారబోయే పదార్థంలో కొంత భాగాన్ని ముందే తీస్తుంది. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్ ఫెల్డ్‌మన్ బృందం 2009లో ప్రచురించిన కొలతల ప్రకారం, వారు పరీక్షించిన స్కిమ్మర్లు నీటిలోని మొత్తం కర్బన పదార్థంలో 20 నుంచి 30 శాతం మాత్రమే తీయగలిగాయి. అందువల్ల నీరు మార్చడం, మేత అదుపులో ఉంచడం మానకండి. మెడ లోపలి జిడ్డును మాత్రం మూడు నాలుగు రోజులకోసారి మెత్తని గుడ్డతో, సబ్బు తగలకుండా తుడవండి; ఆ పొర మందమైతే ఎంత గాలి ఉన్నా నురగ ఎక్కదు.

నీలితెర (హైదరాబాద్)

అందరికీ కృతజ్ఞతలు. రంగు అలాగే ఉంచాను, వాల్వ్ ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టాను. టైమర్ ప్లగ్గు పెట్టాక నిన్న రెండుసార్లు కరెంటు పోయి వచ్చింది, కప్పు పొంగలేదు. నెల మొదటి ఆదివారం కవరు పరీక్ష చేసి సెకన్లను క్యాలెండర్‌లో రాసుకుంటాను. 36 దాటితే పంపు విప్పి వెనిగర్‌లో వేస్తాను. అన్నయ్యకు ఫోన్ చేసి పంపు సంగతి చెబితే, డిసెంబరులో వచ్చేటప్పుడు తెద్దామనుకున్న వేవ్‌మేకర్ (ట్యాంకులో అలలు పుట్టించే పంపు) మీది చిన్న అక్షరాలను ఫొటో తీసి పంపించాడు. అందులో 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. తేవద్దని చెప్పాను.